మ్యూజియం మెట్ల మీద మామ

మామకు నమస్కారం.

మా విదేశీ ఆర్కిటెక్టుల కంపెనీలో, ఇంకా కట్టని భవనాల బొమ్మల్లో మనుషులను అతికించడం నా పని. పేపర్లో రాబోయే కర్నూలు మ్యూజియం బొమ్మలో, మెట్ల మీద నీ ఫోటో పెట్టానని చెప్పాను. "పేపర్లో నా బొమ్మ పడతాండాదప్పా" అని నువ్వు మన ఆలూరంతా చెప్పుకున్నావంట.

నిన్ను తీసేసి, కోటు వేసుకున్న ఆయనను పెట్టమన్నారు మామా. "ఇలాంటి మనిషి ఇక్కడికి రాడు" అని పైవాళ్లు రాశారు. నీకే కోటు తొడుగుతానన్నా ఒప్పుకోలేదు. మా మామ కర్నూలుకు రాకుండా ఎట్లుంటాడని అడగాల్సింది.

నీ చోట కోటాయనను నిలబెట్టాను. నీ నీడను మాత్రం చెరపబుద్ధి కాలేదు. ఎవరూ గమనించలేదు.

రేపు పేపర్లో వస్తుంది. కోటాయన కాళ్ల దగ్గర, భుజాన తువ్వాలుతో పడిన నీడ నీదే. అడిగినవాళ్లకు అది చూపించు.

నీ మేనకోడలు