వెనక తలుపు బొడిపెలు

14వ తేదీ, గురువారం. రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను, దుప్పట్లు ఎండబెట్టాను, నాన్నకు రెండు పూటల మందులు వేశాను. తమ్ముడికి ఉత్తరం రాశాను:

తమ్ముడూ, మేమంతా క్షేమమే, కంగారుపడకు. సోమవారం ఆసుపత్రికి వెళ్తుంటే, కారు కాస్త నెమ్మదించగానే నాన్న వెనక తలుపు తీసి దిగబోయారు. "ఆఫీసుకు వేళయింది" అన్నారు. ఉద్యోగం మానేసి పదిహేనేళ్లయింది! చొక్కా పట్టుకుని లాగాను. జేబు చిరిగి నా చేతికొచ్చింది. మరునాడే మీ బావ కారుకు రిమోటు తాళం పెట్టించారు. బొత్తాం నొక్కితే నాలుగు తలుపులకూ ఒకేసారి తాళం పడుతుంది. "లోపలి బొడిపె పైకి లాగితే మళ్లీ తెరుచుకుంటుందమ్మా" అన్నాడు మెకానిక్. వెనక తలుపుల బొడిపెలు రెండూ దగ్గరుండి తీయించేశాను.

ఆ చొక్కా గుడ్డ ఎక్కడ కొన్నావో రాయి, నాన్న వేరేది వేసుకోరు. మరదలి నడుంనొప్పి తగ్గిందా? వచ్చే నెల ఒక్కసారి రా. నిన్నింకా గుర్తుపడుతున్నారు. పిల్లలకు ఆశీస్సులు.

ఉత్తరంలో ఇది రాయలేదు: ఈరోజు కారులో తాళం పడ్డ చప్పుడు విని నాన్న బొడిపె కోసం తడుముకున్నారు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. ఆయనే నన్ను ఓదార్చారు: "సైకిలు మీంచి దూకేస్తావని చిన్నప్పుడు నిన్ను తువ్వాలుతో నా నడుముకు కట్టేసేవాణ్ణి కదే అమ్మాయ్! బాకీ తీరిపోయిందిలే."