ఆయిర్ అంటే నీళ్ళు

ఫిబ్రవరి 16, 2004

షెడ్డు ఓనర్ శివరామకృష్ణ గారు పొద్దున్నే పిలిచారు. జకార్తా నుంచి మిర్చి బయ్యర్ వస్తోందట, ఆడమనిషట, ఆవిడ వెంట నేనే ఉండాలట. నేను ఆఫీసులో బిల్లులు టైప్ చేసేదాన్ని, నాకెందుకు సార్ అన్నాను. నా ఇంగ్లీషు కంటే నీది నయం కదమ్మా అన్నారు. ఇదేం మెచ్చుకోలో!

ఆర్డర్ వస్తే వేసవంతా షెడ్డు నడుస్తుంది. రాకపోతే తొడిమలు తీసే ఆడవాళ్ళంతా ఇళ్ళకే. వాళ్ళలో మా అమ్మ ఖుర్షిదా కూడా ఉంది.

ఫిబ్రవరి 19

వచ్చింది. పేరు సులాస్త్రి. పొట్టి మనిషి, తలకి స్కార్ఫ్, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. మేడమ్ అంటే ఒప్పుకోలేదు, ఇబు అనమంది. వాళ్ళ భాషలో అమ్మ అని అర్థం. అమ్మతోపాటు తొడిమలు తీసే వెంకటరావమ్మ పిన్ని అప్పుడే ఇబ్బందమ్మ అని పేరు పెట్టేసింది. ఈవిడ నోటికి తాళం వెయ్యాలి.

ఫిబ్రవరి 20, రాత్రి

చిలకలూరిపేట వైపు మిర్చి కళ్ళాలు చూపించాను. కారులో దారంతా మాటలే. వాళ్ళవీ ఇంగ్లీషు అక్షరాలే, అర్థాలే వేరు. ఏ-ఐ-ఆర్ అని రాసి చూపించింది. గాలి అన్నాను. కాదు, ఆయిర్, నీళ్ళు అంది. సి-ఏ-టి పిల్లి కాదు, గోడకేసే రంగు. ఎం-ఏ-ఐ-ఎన్ అంటే ఆడుకోవడం. ఎస్-ఓ-ఆర్-ఇ అంటే సోరె, సాయంత్రం. జె-ఏ-ఎం బ్రెడ్డు మీద రాసుకునేది కాదు, గడియారంలో గంట. జామ్ అంటారు. ఇది మన జాముకి చుట్టమేమో! కుర్సీ, దునియా, మాఫ్ అయితే మా ఇంట్లో ఉర్దూ మాటల్లాగే ఉన్నాయి.

నేను చెప్పిన తెలుగు మాట ప్రతీదీ పైకి పలికి చూసుకుంది. తప్పితే నవ్వేసి మళ్ళీ పలికింది. నేనేమో ఇంగ్లీషు ఎక్కడ తప్పుతుందోనని సగం మాటలు మింగేస్తాను. ఆ ధైర్యం నాకెప్పుడొస్తుంది?

కళ్ళంలో ఘాటుకి పాపం దగ్గి దగ్గి అల్లాడిపోయింది. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

ఫిబ్రవరి 21, మధ్యాహ్నం

కొంప మునిగింది.

మామూలుగా కాయ చిట్లకుండా, ఘాటు లేవకుండా తొడిమలు తీసేముందు కాసిని నీళ్ళు చల్లుతారు. ఇది ఓడెక్కే సరుకు, చుక్క పడకూడదని సార్ ముందే చెప్పారు. అయినా మా అమ్మ తెల్లారకుండా పోయి బకెట్టుతో సరుకంతా తడిపి పెట్టింది. ఎందుకంటే ఇబు దగ్గకూడదు.

ఇబు మీటర్ గుచ్చింది. తేమ పద్నాలుగు శాతం. పదకొండు దాటితే ఓడలోనే బూజు పడుతుంది. సార్ నా చెవి దగ్గర తెలుగులో, రాత్రి మంచు కురిసిందని చెప్పెయ్ అన్నారు. మంచుకి ఇంగ్లీషు మాట వెతుక్కుంటున్నట్టు నటించాను. నిజం చెబితే అమ్మ పని పోతుంది.

వెనక నుంచి అమ్మే లేచింది. నేనే చల్లాను, మన దగ్గరికొచ్చిన మనిషి దగ్గుకుంటా పోవాలా, ఉన్నదున్నట్టు చెప్పవే మెహర్ అంది. సార్ మొహం కందగడ్డయింది.

అంతా ఇంగ్లీషులో చెప్పేశాను. ఒక్క మాట మింగలేదు.

అదే రోజు, సాయంత్రం

ఇబు మీటర్ తుడిచి పక్కన పెట్టేసింది. తర్వాత అమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. అమ్మ బిత్తరపోయింది. సార్ వైపు తిరిగి మాత్రం, ఈ తడి సరుకు నేను ఎత్తను, అభిమానం వేరు ఓడ వేరు, ఆరబెట్టండి, మంగళవారం మళ్ళీ చూస్తాను, అప్పుడూ పదకొండు దాటితే ఆర్డర్ లేదు అంది. ఈమెని పనిలోంచి తీసినా ఆర్డర్ లేదని ఇంకో మాట కూడా అంది.

తర్వాత ఆ బకెట్టులో మిగిలిన నీళ్ళు కాలవలో పారబోసి, బోర్లించి, దాని మీద కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. తుమ్మింది, దగ్గింది, లేవలేదు. ఎంత మనిషండీ బాబూ! ఇద్దరమ్మలనీ చూస్తూ నిలబడిపోయాను.

ఫిబ్రవరి 22

మబ్బు పట్టింది. అమ్మ అన్నం ముట్టలేదు.

ఫిబ్రవరి 23

ఎండ! పెళ్ళుమని కాసింది. టార్పాలిన్ పట్టాల మీద కాయంతా పరిచాం. ఇబు చెన్నై టికెట్ క్యాన్సిల్ చేసుకుని ఆ బకెట్టు మీదే కూర్చుంది. వెంకటరావమ్మ పిన్ని తన క్యారేజీలో గోంగూర పచ్చడన్నం పెట్టింది. ఇబ్బందమ్మ అన్న నోటితోనే ఇంకో ముద్ద తిను తల్లీ అంటోంది. అందరూ గంటకోసారి నన్ను జామ్ ఎంత, జామ్ ఎంత అని అడగడమే. ఎండ ఎప్పుడు దిగిపోతుందోనని భయం.

ఫిబ్రవరి 24

తేమ పదిన్నర!

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇబూ ఏడ్చింది. సార్ పక్కకి తిరిగి ముక్కు చీది, ఘాటు అన్నారు. అబద్ధం.

మార్చి 30, సోరె

సరుకు చేరిందట. ఇంకో ఆర్డర్ వచ్చింది.

షెడ్డులో ఆ బకెట్టు ఇంకా బోర్లించే ఉంది. అమ్మ రోజూ పొద్దున్నే దాని మీద ఉతికిన తువ్వాలు పరుస్తుంది. ఎవరూ కూర్చోరు.