మూల మీద నాన్న అక్షరం

పెన్‌డ్రియా,
మంగళవారం సాయంత్రం

ఆసుపత్రి మంచం మీద ఉన్నా మన పొయ్యి మీదే ధ్యాస పెట్టుకున్న అమ్మకి,

ఈ ఉత్తరం నర్సు చేతికి ఇవ్వకు. నా మాటలు పరాయి గొంతులో నీ చెవిన పడడం నాకు ఇష్టం లేదు. ఆదివారం బైబిలు చదివినట్టు వేలు పెట్టుకుని మెల్లగా నువ్వే చదువుకో. అందుకే అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఇంకో మాట. ఇందులో ఏం చదివినా లేచి ఇంటికి బయల్దేరకు. తుంటి ఎముక అతుక్కునేదాకా కదిలితే జన్మంతా కుంటాల్సి వస్తుందని డాక్టరు నా ఎదుటే చెప్పాడు. నువ్వు కదలకుండా ఉంటావనే నమ్మకంతోనే ఇది రాయగలుగుతున్నాను.

కిందటి ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను. "నాన్నకి రోజూ పేస్టీ నేనే చేసి పంపుతున్నాను, ఇష్టంగా తింటున్నాడు" అని రాశాను కదా. అందులో 'నేనే' అన్నది అబద్ధం.

బండి ఎక్కించేటప్పుడు నువ్వు నా మణికట్టు పట్టుకుని ఒకటే అడిగావు. "మీ నాన్నకి చేసి పెడతావా? పెడతానంటేనే పోతాను" అన్నావు. పెడతానన్నాను. నాకు చేతకాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను పిండి దగ్గరికి వస్తే చాలు, "పో, పోయి చదువుకో, ఇది నా తిప్పలు" అని మోచేత్తో తోసేదానివి. ఈ ఊళ్ళో పదేళ్ళ పిల్లకి కూడా పేస్టీ అంచు అల్లడం వచ్చు. బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పే నాకు రాదు.

మొదటిరోజు నువ్వు చేసినట్టే అన్నీ పెట్టాను. మాంసం చిన్న ముక్కలు, బంగాళాదుంప, టర్నిప్, ఉల్లిపాయ, మిరియాలు, అన్నీ పచ్చివే. వాటి మీదకి పిండి రొట్టె మడిచి అంచు జడలా అల్లాను. పొయ్యిలో పెట్టిన కాసేపటికే అంచు నోరు తెరిచింది. రసమంతా కారి అడుగు మాడిపోయింది. మర్నాడూ అంతే. నాన్న రొట్టె, జున్ను మూట కట్టుకుని గనికి వెళ్ళాడు. నేను మాడిన పేస్టీలు పెరట్లో కోళ్ళకి వేస్తుంటే గోడ అవతల నుంచి కెజియా అత్త చూసింది.

"మీ కోళ్ళు మా ఆయన కంటే బాగా తింటున్నాయే పిల్లా" అంది.

నేను నవ్వబోయి ఏడ్చేశాను.

"మీ నాన్న ఏం పట్టుకెళ్ళాడు?"

"రొట్టె, జున్ను."

"రోజంతా రాయి కొట్టే మనిషికి రొట్టె ముక్కా! సిగ్గులేదటే?" అని గొంతు తగ్గించి, "రేపు తెల్లారేసరికి గోడ మీద చూడు. కాల్చకుండా పచ్చిదే పెడతాను. మూల మీద మీ నాన్న పేరు అక్షరం నువ్వు అతికించుకుని నీ పొయ్యిలో కాల్చుకో. మీ నాన్నకి మాత్రం చెప్పకు, నా మొహాన విసిరికొడతాడు" అంది.

ఆ ఇంటి గడప నాన్న ఎందుకు తొక్కడో నాకు తెలియక కాదమ్మా. నేను పెద్దబడిలో చేరిన ఏడే శామ్సన్ చిన్నాన్న గనిలో కప్పు కూలి పోయాడు. ఆ కప్పు కింద గుంజలు నిలబెట్టింది కెజియా అత్త మొగుడు నెడ్ రౌ. గుంజలు సరిగ్గానే ఉన్నాయని అందరూ చెప్పినా నాన్న వినలేదు. అప్పటి నుంచి ఒకే గనిలో పనిచేస్తూ, ఒకే చర్చిలో కూర్చుంటూ, నెడ్ మొహం నాన్న చూడలేదు. అదంతా తెలిసే, నెడ్ పెళ్ళాం చేసిన పేస్టీని గోడ మీంచి అందుకున్నాను. మూల మీద నాన్న పేరు మొదటి అక్షరం, గాలంలా వంగిన 'జె'ని, పిండితో అతికించాను. నేను చేసింది ఆ ఒక్క అక్షరమే. అక్షరం పెడితే మన ఇంటిదైపోతుందనుకున్నాను.

నాన్న తిన్నాడు. కానీ మొదటిరోజే ఆ మూల ముక్క వెనక్కి తెచ్చి, ఏమీ అనకుండా వంటింటి కిటికీ గట్టు మీద పెట్టాడు. మర్నాడు ఇంకొకటి. గనిలో తిరిగే చిట్టి భూతాలకి, ఆ 'చిన్నవాళ్ళ'కని, మగాళ్ళంతా ఆ మూల లోపలే వదిలేసి వస్తారు కదా, నాన్న ఎందుకు తెస్తున్నాడో అర్థం కాలేదు. గట్టు మీద అవి ఎండిపోతున్నాయి. తీసి పారేయడానికి నాకు చెయ్యి రాలేదు.

నా గుట్టు బయటపడిందని నిన్న మాంసం కొట్లో తెలిసింది. గ్రేస్ పాస్కో ముక్కలు తూస్తూ, కొట్లో ఉన్న ఆడవాళ్ళంతా వినేలా అడిగింది.

"అవునూ, టీచరమ్మా, మీ ఇంట్లో ఎడమచేతివాటం ఎవరికే?"

"ఎవరికీ లేదు."

"మరి మీ నాన్న పేస్టీకి అంచు ఎదురు తిరిగిందటగా! కింద నెడ్ రౌ, మీ నాన్న ఎదురెదురుగా కూర్చుని మూటలు విప్పితే, రెండూ కవలపిల్లల్లా ఉన్నాయట. 'ఏం జోసయ్యా, నెడ్ పెళ్ళాం నీక్కూడా వండి పెడుతోందా' అని ఎవడో అన్నాడట. గని గనంతా నవ్విందట!"

కొట్లోనూ నవ్వారు. చెవులు కాలిపోయాయి. కెజియా అత్తది ఎడమచెయ్యి. ఆవిడ అల్లిన మడతలు మనింటి వాటికి ఎదురు దిక్కుకి తిరుగుతాయి. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి ఒక్కనాడూ అంచు చూడలేదు నేను. మాంసం తీసుకోకుండానే వచ్చేశాను.

అంతమందిలో, ఆ మనిషి ఎదురుగా నాన్న తల వంగిపోయేలా చేశాను. నన్నింకా ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఇవాళ బళ్ళో పిల్లల మొహాలు చూడలేక బోర్డు వైపు తిరిగే పాఠం చెప్పాను. నాన్నతో చెప్పేయాలా, ఊరుకోవాలా? ఊరుకుని బడి మానేసి, చేతకాని పనిని నువ్వొచ్చేదాకా నేర్చుకుంటూ కూర్చుందామనిపిస్తోంది. నువ్వే చెప్పు. కానీ లేవకు.

నీ
థిర్జా


పెన్‌డ్రియా,
శుక్రవారం

అమ్మా,

నీ జవాబు అందింది. "నాన్నకి చెప్పు. బడి మానకు. నేను లేవను." అంతే రాశావు. చివరి మాట చూసి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. మొదటి మాట చూసి మళ్ళీ భయం పట్టుకుంది.

నిన్న నాన్న వచ్చి, మొహం కడుక్కుని, టీ తాగాక చెప్పాను. కూర్చుని చెప్పలేక నిలబడే చెప్పాను. బళ్ళో తప్పు చేసిన పిల్లలు నిలబడ్డట్టే ఉండి ఉంటాను.

"తెలుసు" అన్నాడు నాన్న.

"ఎప్పటి నుంచి?"

"మూట విప్పినప్పటి నుంచే. కింద ఎవడూ అక్షరం చూడడే పిచ్చిదానా, అంచు చూస్తాం."

"మరి ఎందుకు తిన్నావు నాన్నా?"

"ఆకలేసింది."

నేను ఏడవడం మొదలుపెట్టాను. నాన్న తన టీ కప్పులోకే చూస్తూ మిగతాది చెప్పాడు. "పారేద్దామనే అనుకున్నాను. తలెత్తితే నెడ్ చూస్తున్నాడు. వాడి పెళ్ళాం ఇలా చేసిందని వాడికీ తెలీదు, మొహం చూస్తేనే తెలిసింది. నవులుతున్నవాడు ఆపేశాడు. నేను పారేస్తే వాడూ మూట కట్టేస్తాడు. ఇద్దరం ఖాళీ కడుపుతో సాయంత్రం దాకా రాయి కొట్టాలి. అందుకని తిన్నాను. వాడూ తిన్నాడు."

"మరి మూల ఎందుకు తెస్తున్నావు? నా మీద కోపమా?"

కిటికీ గట్టు మీది మూలల వైపు చూశాడు. తర్వాత, "నేను మూల గనిలో చిన్నవాళ్ళకి పెట్టను. అందరూ అలా అనుకుంటారు, మీ అమ్మ కూడా. శామ్సన్ పడ్డ చోట పెడతాను. రోజూ పెడతాను. ఆ ఇంటి పిండి తీసుకెళ్ళి వాడికెలా పెట్టనే?" అన్నాడు.

అమ్మా, నీకు ఇది తెలుసా? నాన్న నీకు చెప్పలేదన్నాడు. చెప్పినందుకు ఏమనుకుంటాడో కానీ, నీ దగ్గర ఇంకేదీ దాచలేను. చిన్నాన్నకి రోజూ అందేది నా వల్ల ఆగిపోయింది. కొట్లో పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది? నేను దొంగతనంగా తెచ్చింది నాన్న పరువునే కాదు, ఒక చనిపోయిన మనిషి వాటాని కూడా తినేసింది.

"రేపటి నుంచి నేనే చేస్తాను నాన్నా" అన్నాను.

"చెయ్యి."

"పగిలిపోతుంది."

"పగిలితే పగిలిందే తింటాను. కానీ పిండిలో కాస్త ఉప్పు తగ్గించు. కెజియా చెయ్యి ఎప్పుడూ ఉప్పెక్కువే" అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు, కప్పు అడ్డం ఉంది.

ఇవాళ పొద్దున గోడ మీద పెట్టిన పేస్టీ దగ్గరికి వెళ్ళలేదు. గుడ్డ కప్పి ఉన్నదాన్ని అలాగే వదిలేశాను. నాది నేనే చేశాను. అంచు రెండుసార్లు విప్పి మళ్ళీ అల్లాను. గుడ్డలో చుడుతున్నప్పుడే ఒక పక్క చీలింది. నాన్న ఆ మూటని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కొండ దిగాడు. అది చూసి ఇంకా సిగ్గేసింది. ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను.

నీ
థిర్జా


పెన్‌డ్రియా,
శనివారం

అమ్మా,

నిన్నటి ఉత్తరం టపాలో పడి ఉంటుంది, దాని వెనకే ఇది. రెండూ నీకు ఒకేసారి చేరితే ముందు నిన్నటిదే చదువు.

నాన్న నిన్న ఆలస్యంగా వచ్చాడు. గుడ్డ దులిపి నా చేతికిచ్చాడు. మూల లేదు. గుడ్డంతా రసం మరకలే.

"విడిపోయిందా?"

"గనిలోకి దిగే రెండో నిచ్చెన మీదే విడిపోయింది. విప్పేసరికి పేస్టీ లేదు, కూర ఉంది" అన్నాడు.

"ఏం తిన్నావు మరి?"

"చెప్పనీ." బల్ల దగ్గర కూర్చున్నాడు. బూట్లు కూడా విప్పలేదు. "వేళ్ళతో ఏరుకుంటుంటే మళ్ళీ అదే వెధవ, 'జోసయ్యా, ఇవాళ ఏ ఇంటి కూరరా' అన్నాడు. 'నా కూతురు చేసింది, నోర్ముయ్' అన్నాను. అప్పుడు నెడ్ లేచి వచ్చాడు. తనది సగానికి విరిచి నా మోకాలి మీద పెట్టి, మాట్లాడకుండా పోయి తన చోట కూర్చున్నాడు. ఏ సగం ఇచ్చాడో తెలుసా? వాడి పేరు అక్షరం ఉన్న సగం."

నాన్న కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"తిన్నావా?"

"మూల దాకా తిన్నాను."

"మూల?"

"శామ్సన్ దగ్గర పెట్టాను" అన్నాడు. "నెడ్ అక్షరం ఉన్నదే. పెట్టి వెనక్కి తిరిగితే వాడు దీపం పట్టుకుని కాస్త దూరంలో నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్ళూ వాడు అటు రాలేదు. నేను రానివ్వలేదు. ఇద్దరం మాట్లాడుకోలేదే, ఏదో జరిగిపోయిందని మీ అమ్మకి రాసెయ్యకు. ఎక్కేటప్పుడు నిచ్చెన మీద వాడు ముందు, నేను వెనక. అంతే."

అంతే రాస్తున్నాను అమ్మా. ఇంకేమీ జరగలేదు.

ఇవాళ గనికి సగం పూటే. నాన్న వెళ్ళాక, గోడ దగ్గరికి కాదు, చుట్టూ తిరిగి ముందు తలుపు తట్టి కెజియా అత్త ఇంటికి వెళ్ళాను. నిన్న తన పేస్టీని గోడ మీదే వదిలేసినందుకు క్షమించమన్నాను.

"నీ పేస్టీ పిల్లి ఎత్తుకుపోయిందిలే, అది మాత్రం పరువుకి పోలేదు" అని తలుపు పూర్తిగా తీసింది. "లోపలికి రా. చేతులు కడుక్కో. గోళ్ళలో సుద్దపొడి చూడు!"

ఆవిడ పక్కన నిలబడి చూస్తే ఏమీ అర్థం కాలేదు. అన్నీ తిరగేసి ఉన్నాయి. తల పట్టుకున్నాను. ఆవిడ నన్ను భుజాలు పట్టి బల్లకి అవతలి వైపు, తనకి ఎదురుగా నిలబెట్టింది. "ఇప్పుడు నా చెయ్యి చూసి చెయ్యి" అంది. అద్దంలో చూస్తున్నట్టు ఆవిడ ఎడమచెయ్యికి నా కుడిచెయ్యి సరిగ్గా సరిపోయింది. బొటనవేలితో నొక్కడం, చూపుడువేలితో మడవడం, మళ్ళీ నొక్కడం. నువ్వు ఎలా చేస్తావో తలుచుకుంటే అదే తీరు. ఇన్నాళ్ళూ ఒకే వంటింట్లో తిరిగాను, నీ చేతుల దగ్గర ఎప్పుడూ నిలబడలేదు. నువ్వు నిలబడనివ్వలేదు కూడా, ఆ మాట కోపంగా అనడం లేదు. వచ్చాక నిలబెట్టుకో.

సిగ్గు పోలేదమ్మా. సోమవారం మాంసం కొట్టుకి మళ్ళీ వెళ్ళాలి, గ్రేస్ పాస్కో మళ్ళీ ఏదో అంటుంది. అననీ. తీసుకోకుండా మాత్రం రాను.

రేపు ఆదివారం నాన్న నిన్ను చూడడానికి వస్తున్నాడు, ఈ ఉత్తరం కూడా ఆయన చేతికే ఇస్తున్నాను. గుడ్డలో ఒక పేస్టీ పంపుతున్నాను. మూల మీద నీ అక్షరం ఉంది. అది చూడకు, అంచు చూడు. చూసి ఎవరి చెయ్యో నాన్నతోనే చెప్పి పంపు. తప్పు చెప్తే ఆయన అక్కడికక్కడే దిద్దుతాడు.

నీ
థిర్జా