మగ్గం తొక్కినట్టే

గద్వాల, ఆగస్టు 2006, ఆదివారం

అక్క కోసం చేస్తున్న నాలుగు చక్రాల బండి ఇవాళ కదిలింది. మొన్న సైకిల్ పెడళ్లు పెడితే, ఆమె మోకాలు పూర్తిగా వంగక సగం చుట్టులోనే ఆగిపోయింది. "నాకొద్దు తమ్మీ, నువ్వు పరేషాన్ గాకు" అంటూ పోయి మగ్గం మీద కూర్చుంది. అప్పుడు మగ్గం గుంటలో ఆమె కాళ్లు చూశాను. అవి గుండ్రంగా తిరగవు. ఒకటి దిగితే ఒకటి లేస్తుంది, అంతే.

అందుకే పెడళ్లు పీకేసి రెండు తొక్కుడు చెక్కలు పెట్టాను. ఒక్కోదానికి ఒక చైను, వెనక ఇరుసు మీద ఒక ఫ్రీవీల్. ఒకటి దిగితే రెండోది లేవడానికి కప్పీ మీదుగా తాడు కట్టాను.

సాయంత్రం మా గల్లీలో అక్క ఎక్కి తొక్కింది. బండి హాయిగా సాగింది. కాళ్లు లయలో పడగానే, అలవాటుగా హ్యాండిల్ వదిలేసి పోగుల మధ్య నాడె విసరడానికన్నట్టు చెయ్యెత్తింది! బండి పోయి గోడకు తగిలింది. నా ప్రాణం పోయినంత పనైంది. చెయ్యి వదిలితే దానంతటదే బ్రేకు పడేలా ఏదైనా చేయాలి. ఎలాగో ఇంకా తోచడం లేదు.

అక్క మాత్రం ఒకటే నవ్వు. "నేను దిగనే దిగ పో. జర ఎనకకు గుంజు, మళ్ల పోత."

ఇన్నేళ్లూ కూర్చున్న చోటే తొక్కిన కాళ్లు, ఇవాళ ఆమెను గోడ దాకా తీసుకెళ్లాయి.