కడిగించిన అద్దాలు

చిరంజీవి బుజ్జికి నాయనమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం, నా మోకాలు మినహా. నువ్వక్కడ వేళకు తింటున్నానని రాశావు. నమ్మాననుకో.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. మీ నాన్నకు రాత్రి డ్యూటీలు తప్పాయి. కుట్టుమిషను బాగుచేయించాను. పోతే, మీ అమ్మ చూసుకునే తోటలో మొక్కలు పెంచే ఆ పాతకాలపు అద్దాల మేడకి జనం ఇంకా ఎందుకొస్తారని అడిగావు. బడి నుంచి రిటైరయ్యాక, ఈ వేసవి మొదలు అక్కడ టికెట్ల బల్ల దగ్గర కూర్చుంటున్నాను కాబట్టి చెప్పగలను. పోయిన ఆదివారం నూట పద్నాలుగు టికెట్లు తెగాయి. గేటుదాకా పోట్లాడుకుంటూ వచ్చిన మొగుడూ పెళ్ళాలు కూడా లోపల అడుగుపెట్టగానే గొంతు తగ్గిస్తారు. తడిమట్టి వాసన, ఇనుప కమ్మీల మధ్య నుంచి ఆకుల మీద వాలే వెలుగు. అంత పల్చటి గాజు ఇన్నేళ్ళు నిలిచిందంటే మన మీద మనకే కాస్త నమ్మకం కలుగుతుంది.

మధ్యలో ఉన్న పెద్ద ఫెర్న్ మొక్క కొత్త ఆకు విప్పిందా అనీ అడిగావు. విప్పింది. మాడిపోయింది.

ఇది ముందే రాయాల్సింది. ఎండకు మొక్కలు మాడకుండా వేసవిలో కప్పు అద్దాలకి సున్నం పూయిస్తారట. నాకు తెలియదు. గోడలకు వెల్ల వేసినప్పుడు చిందిన మరకలనుకున్నాను. మీ అమ్మ పనిమీద పొరుగూరు వెళ్ళిన రోజు, తలుపులు తుడవడానికి ఇద్దరు మనుషులొచ్చారు. పైన కూడా కడగమన్నాను. మీ అమ్మ ఇంట్లో గిన్నెల్లాగే ఇక్కడ అద్దాలూ వదిలేసిందని నాలో నాకు ఒకటే సణుగుడు. వాళ్ళలో పెద్దవాడు, "మేడమ్‌ని ఒకమాట అడగొద్దా అమ్మగారూ?" అన్నాడు.

"మీ మేడమ్‌కి అత్తగారిని నేను. కడగండి" అన్నాను.

సాయంత్రానికి ఆకులన్నీ కాగితాల్లా ముడుచుకున్నాయి. ఏం జరిగిందో ఆ మనుషులే మీ అమ్మకి చెప్పారు. అయినా తోట కమిటీవాళ్ళు వచ్చి నిలదీస్తే, పొరపాటు తనదేనంది. పక్కనే టికెట్ కట్టలు సర్దుతున్న నేను తల ఎత్తలేదు.

తప్పు చేస్తే ఆ రోజే ఒప్పుకోవాలని నిన్ను గోడకి నిలబెట్టిన మనిషిని. నిన్న వంటింట్లో మీ అమ్మతో, వెళ్ళి చెప్పేస్తానన్నాను.

"ఊరుకోండి అత్తయ్యా. ఈ వయసులో మిమ్మల్ని వాళ్ళ ముందు నిలబెడతానా?" అంది, గిన్నె తోముతూ.

నా బదులు నిన్ను నిలబెట్టాను కదమ్మా అని తనతో అనాల్సింది. తోమిన గిన్నెలు అందుకుని బోర్లించాను.

మీ అమ్మని ఉద్యోగంలో ఉంచాలో తీసేయాలో ఈ ఉదయమే తేలుస్తారు. తను లేచి వద్దంటే ఆగిపోవచ్చని నాలో ఓ మూల ఆశగా ఉంది. అందుకే తను లేవకముందే కమిటీవాళ్ళ దగ్గరికి బయల్దేరుతున్నాను.

ఇట్లు,
నీ నాయనమ్మ