పెరటి కొంగ గోడెక్కింది

చెల్లీ కిజ్జా,

ఇక్కడ అంతా బాగున్నాం. నా చేతి వణుకు తగ్గలేదు. నువ్వు కంగారుపడకు, చెయ్యి ఆడించడానికి బొమ్మలు గీసే పని నేను చేస్తూనే ఉన్నాను. మన కొంగ వంశం పెద్దలు కట్టిన కొత్త ఇంటి గోడకు పెరట్లో వాలే కొంగ బొమ్మ వేసిస్తానని ఒప్పుకున్నాను. కుదరకపోతే బజారు ఫోటో తగిలిస్తామన్నారు. తెల్ల కాగితం మీద తెల్ల పెన్సిలు ఎంత రుద్దినా ఏమీ కనబడలేదు. పక్కింటి నాలొంగోది కాకి వంశం కదా, వచ్చి చూసి, "ఏదే బాబిర్యే మీ కొంగ? ఎగిరిపోయిందా? మా కాకైతే ఈపాటికి అరుస్తూ ఉండేది!" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఇక కొంగను అలాగే వదిలేసి, చుట్టూ గడ్డీ, అరటాకులూ, వెనక మన నల్లావు వీపూ రంగులతో నింపాను. మధ్యలో మిగిలిన తెలుపే కొంగై నిలబడిందే!

పెద్దాయన చూసి, "మన వంశానికి గుర్తు కదా, మనవాళ్లు కొంగ మీద చెయ్యి వేయకూడదు. ఈ తల్లి పెన్సిలు కూడా వేయకుండా గీసింది," అని అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. నా బొమ్మే తలుపెదురుగా తగిలించారు.

నీ మోకాలు ఎలా ఉంది? వానలు రాకముందే కప్పుకు రేకు మార్పించావా? బస్సులో వచ్చేవాళ్లచేత ఆకుపచ్చ పెన్సిలు పంపు, గడ్డికే అరిగిపోయింది. నల్లది కూడా పంపు. నిన్న నాలొంగో వేయించిన వేరుశనగలు పట్టుకొచ్చి, "అక్కా, మా కాకిని కూడా గీసిపెట్టవూ?" అంది.

దేవుడు మిమ్మల్నందర్నీ చల్లగా చూడాలి.

నీ అక్క
బాబిర్యే