నా నెంబరులో ఉన్నామె

జూలై 2

ల్యాండ్‌ఫోన్ మూగబోయి నాలుగు రోజులు. ఎత్తితే ఏమీ లేదు. గరగర కూడా లేదు. బావిలోకి చెవి పెట్టినట్టు...

మొబైల్ నుంచి కంపెనీకి ఫిర్యాదు. 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అని యంత్రం మళ్ళీ మళ్ళీ చెప్పి అలిసిపోయాక ఒక అమ్మాయి వచ్చింది. నలభై ఎనిమిది గంటల్లో బాగుచేస్తారట. ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినదాన్ని, గంట అంటే ఎంతో నాకు తెలుసు. వాళ్ళకే తెలియదు.

నా దిగులు ఫోన్ గురించి కాదు, అక్క గురించి. రాయచోటిలో పొద్దున తొమ్మిది నుంచి అయిదు దాకా ఒక్కతే. ఆమె కోడలు విజయ బడిలో ఉద్యోగానికి పోతుంది. అక్కకు చూపు లేదు. పదకొండుకు అంకెలు వేళ్ళతో తడిమి నాకు ఫోన్ చేస్తుంది. గుండ్రటి మాత్ర తినకముందు, పొడుగు మాత్ర తిన్నాక అని నేను చెబితేనే వేసుకుంటుంది. పోయిన చలికాలం ఒకే మాత్ర రెండుసార్లు మింగి పడిపోయినప్పటి నుంచి ఇదే ఏర్పాటు. మరి ఈ నాలుగు రోజులు ఏం మింగిందో. మొబైల్ నుంచి నేనే చేద్దామంటే, వచ్చిన ఫోన్ అక్క ఎత్తదు.

పోదామంటే మోకాలి ఆపరేషన్ అయి మూడు వారాలే. బస్సు పేరెత్తితే డాక్టరు కళ్ళెర్రజేస్తాడు.

జూలై 3

బడి వదిలాక విజయకు ఫోన్. అక్క మాత్రల సంగతి ఏమిటని అడిగాను.

'అదేంది చిన్నత్తా, దినామూ నువ్వే చెప్తాండావు గదా? ఈ పొద్దు గూడా అర్ధగంట మాట్లాడినావంట.'

నేను మాట్లాడలేదు.

అక్క కలగంటోందేమో అన్నాను. 'లేదు చిన్నత్తా. మాత్రలు లెక్కకు సరిగ్గా ఉండాయి' అంది.

జూలై 4

కంపెనీ నుంచి మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది.

రిసీవర్ ఎత్తాను. బావి.

మళ్ళీ ఆ అమ్మాయి. 'మీ నెంబరుకే చేసి కనుక్కున్నాం మేడం. బాగా పనిచేస్తోందని కస్టమర్ చెప్పారు.' పనిచేయని ఫోనుకు చేసి పనిచేస్తున్నావా అని దాన్నే అడగడం వాళ్ళ పద్ధతి. ఇంకా నయం, డాక్టర్లు ఈ పద్ధతి పట్టుకోలేదు.

'ఇంకేమన్నది ఆ కస్టమరు?'

'చాలా సంతృప్తిగా ఉన్నామన్నారు మేడం.'

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నేను సంతృప్తి వ్యక్తం చేసిన దాఖలా లేదు. ఆమె నేను కాదనడానికి అదొక్కటి చాలు.

జూలై 5

భయపడడానికేమీ లేదని రాసిపెట్టుకుంటున్నాను. నా నెంబరును పొరపాటున ఇంకెవరి ఇంటికో కలిపి ఉంటారు. అక్కడ ఎవరో ఆడమనిషి. ఒక గుడ్డి ముసలామె 'సరసా' అంటే, రాంగ్ నెంబర్ అనడానికి నోరు రాలేదు. అంతే. కానీ జాలి ఉంటే మాత్రం? ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆమెకేం తెలుసు?

సాయంత్రం విజయ అక్కకు విషయం చెప్పి, తన మొబైల్ ఆమె చేతికిచ్చింది.

'అక్కా, నేను సరసను. ఇన్ని దినాలూ నీతో మాట్లాడింది నేను కాదు.'

అక్క, అపరిచితులతో మాట్లాడే మర్యాదతో — 'ఏమ్మా, మనుషుల గొంతులు చేసి మోసం చేస్తారంట గదా ఇప్పుడు. మా చెల్లెలు నాకు అన్నీ చెప్పింది. యాడి నుంచి చేస్తాండావో ఏమో, పెట్టెయ్ తల్లీ.'

చెప్పింది నేనే. పోయిన ఏడు ఎవడో బ్యాంకు మేనేజరునని అక్కను ఏమార్చబోయినప్పుడు గట్టిగా చెప్పాను — వచ్చిన ఫోన్ ఏదీ నమ్మొద్దు, నా గొంతే అయినా నమ్మొద్దు, నువ్వు నాకు చేస్తేనే అది నేను. నూరుసార్లు వల్లె వేయించాను. డెబ్భై ఏడేళ్ళ వయసులో అక్క నా మాట వినడం ఇదే మొదలు.

జూలై 7

పక్కింటి మస్తాన్‌బీ వచ్చింది, కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి. సంగతి చెప్పాను. 'ఉండు టీచరమ్మా, ఆ నెంబరుకు నేను చేస్తా' అని తన మొబైల్ తీసింది.

బల్ల మీద నా ఫోన్ ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. మస్తాన్‌బీ చెవిలో మాత్రం మోగుతోంది. మూడో మోతకు ఎవరో ఎత్తారు. ఆమె ముఖం చూసి ఫోన్ నేను లాక్కున్నాను.

అవతల ఎవరూ మాట్లాడడం లేదు. దూరంగా కుట్టుమిషను చప్పుడు. మస్తాన్‌బీ కూతురు పక్కింట్లో కుడుతోంది, కిటికీలోంచి నాకు వినిపిస్తోంది. అదే చప్పుడు ఫోన్‌లోంచి కూడా. మా శబ్దమే తిరిగొచ్చి మాకు వినిపించి ఉంటుంది. అలా జరుగుతుంది. క్లాసులో చెప్పాను కూడా.

'ఎవరు కావాలి?' అంది ఒక గొంతు. నిదానంగా.

ఏమనాలో తోచక నా పేరే చెప్పాను. 'సరస్వతి టీచరు.'

'సరస్వతినే మాట్లాడుతున్నా. చెప్పండి.'

పెట్టేశాను. నేను! పెట్టేశాను.

మస్తాన్‌బీ దువా చదివి నా నెత్తి మీద ఊదింది. వద్దనలేదు.

జూలై 8

పదకొండుకు ఆ ఫోన్ ముందు కూర్చున్నాను. అది మోగలేదు. అక్కడ మోగుతూ ఉంటుంది.

జూలై 10

విజయకు చెప్పాను — బడికి పోయేముందు అక్క ఫోన్ తీగ పీకెయ్. మాత్రలు రెండూ గిన్నెల్లో పెట్టి, ఏది ఎప్పుడో చెప్పి పో.

'సరే చిన్నత్తా' అంది. ఆ 'సరే'లో ఇష్టం లేదు.

జూలై 11

పీకింది. సాయంత్రం వచ్చి చూస్తే అక్క రిసీవర్ ఒళ్ళో పెట్టుకుని పొద్దుటి నుంచి అట్లాగే కూర్చుని ఉందట. అన్నం ముట్టలేదు. మాత్రలు గిన్నెల్లోనే. 'సరస పోయిందా? నాకు చెప్పకుండా ఉండారా?' అని ఏడ్చిందట.

'నాతో కాదు చిన్నత్తా, ఇంగ నా వల్ల కాదు' అని విజయ తీగ మళ్ళీ తగిలించింది. ఏమనను?

జూలై 14

మా కల్లూరు నుంచి ఆటోలో కంపెనీ ఆఫీసుకు, చేతికర్రతో సహా. ఆఫీసరు మర్యాదస్తుడే, కూర్చోబెట్టాడు. మా అబ్బాయి రవి వయసుంటుంది. కంప్యూటరులో చూస్తూ చూస్తూ కుర్చీలో కదిలాడు.

'మీ పేరు మీద ఇంకో ఫిర్యాదు ఉండాది మ్యాడం. మొన్ననే ఫోన్‌లో ఇచ్చినారు.'

'నేను ఇచ్చినవన్నీ ఉంటాయి నాయనా.'

'అవి కాదు మ్యాడం...' తెర నా వైపు తిప్పాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ఎవరో వృద్ధురాలు నా పేరు చెప్పుకుని మీ ఆఫీసుకు ఫోన్లు చేస్తున్నారు, దయచేసి ఆమె మాటలు పట్టించుకోవద్దు.

దయచేసి! నాకన్నా మర్యాద తెలిసిన మనిషి.

ఆధార్ చూపించాను. వేలిముద్ర వేశాను. 'మీరే మ్యాడం, మీరే, కాదనడం లే' అన్నాడు. 'అయితే మార్పు చెయ్యల్లంటే కోడ్ నెంబరు వస్తాది. మీ ల్యాండ్‌ఫోనుకే వస్తాది. ఎత్తి విని, నాకు చెప్పండి.'

'ఎత్తేది ఆమె కదప్పా!'

తల గోక్కున్నాడు. మనిషిని పంపిస్తా, ఇంటికొచ్చి చూస్తాడన్నాడు. టీ ఇప్పించాడు. తాగలేదు.

జూలై 15

అక్కను డాక్టరుకు చూపించిందట విజయ. షుగరు అదుపులో ఉంది. 'మాత్రలు దినామూ ఒకే టైముకు వేసుకుంటాండారు, మీ చెల్లెలు బాగా చూసుకుంటాండాదే!' అని డాక్టరు మెచ్చుకున్నాడట.

నేను చూసుకున్నన్నాళ్ళూ షుగరు ఎక్కువే ఉండేది. ఇక్కడ రాసుకోవడానికేం సిగ్గు.

జూలై 17

ఇవాళ ఏమీ లేదు. మోకాలు నొప్పి.

జూలై 19

విజయకు సెలవు. పదకొండుకు అక్క పక్కనే కూర్చుని స్పీకరు పెట్టి విందట. అక్క అన్నం తినగానే నాకు చేసింది.

'చిన్నత్తా, నువ్వేమీ అనుకోవద్దు. అది నీ గొంతే.'

'నేను ఇక్కడ చిక్కుడుకాయ తుంచుతున్నానే!'

'నీ గొంతే. కాకపోతే...'

'కాకపోతే?'

'తిట్టలే.'

చిక్కుడుకాయ పక్కన పెట్టేశాను.

ఇంకా చెప్పింది. బావ పోయినప్పుడు పరీక్షల డ్యూటీ అని చెప్పి రాలేదు కదా, డ్యూటీ లేదక్కా, నీ ముఖం చూడలేక రాలేదు, క్షమించు అన్నదట ఆమె. అక్క చాలాసేపు ఏడ్చి, 'ఇన్నేండ్లకు అంటివి, చాలు' అన్నదట. తర్వాత రెండుసార్లు అన్నం పెట్టించుకుందట.

డ్యూటీ లేదన్న మాట ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. రవికి చెప్పలేదు. పోయిన ఉగాదికి ఈ డైరీలో రాశాను. అంతే. ఇది నా తలగడ కింద ఉంటుంది.

ఫోన్ బల్ల మీద ఉంటుంది. తలగడకూ బల్లకూ మధ్య నాలుగు అడుగులు.

జూలై 20

డైరీ బీరువాలో పెట్టి తాళం వేశాను. మళ్ళీ తీసి రాస్తున్నాను. రాయకుండా ఉండలేకపోవడం కూడా ఒక జబ్బే.

జూలై 22

లైన్‌మన్ వచ్చాడు, ఎట్టకేలకు. నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కాడు. దిగి, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

'అవ్వా, మీ తీగ పైనే తెగిపోయిండాది. ఆడ డబ్బాలో మీ నెంబరు యెవురికీ కలపలే.'

'మరి ఎత్తుతున్నది ఎవరు?'

'ఎత్తేదానికి లేదవ్వా. ఆ కొసన ఏమీ లేదు.' నన్ను చూసి ఏమనుకున్నాడో, 'కంప్యూటర్లో ఏమన్నా తిరకాసేమోలే' అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడు. అతనికే నమ్మకం లేదు.

కొత్త తీగ లాగాడు. రిసీవర్ ఎత్తితే — కూ — అని నిండుగా వచ్చింది. ఇరవై నాలుగు రోజుల తర్వాత. ఆ కూత వింటూ నిలబడిపోయాను. మస్తాన్‌బీకి చెప్పాను. విజయకు చెప్పాను. రేపు పదకొండుకు నేనే ఎత్తుతానని.

జూలై 23

పదిన్నరకే ఫోన్ దగ్గర కూర్చున్నాను. ఇస్త్రీ చీర కట్టుకున్నాను, ఫోన్‌లో ఎవరు చూస్తారని!

పదకొండు. మోగింది.

'అక్కా!'

అవతల ఊపిరి. అక్క ఊపిరే, పిల్లికూత ఉంటుంది దానిలో.

'యెవురమ్మా నువ్వు?'

'నేనే. సరసను. ఫోన్ బాగైంది అక్కా.'

'మా సరసను పిలువు.'

'నేనే అక్కా! నీకేమైనా మతి పోయిందా? నా గొంతు గుర్తుపట్టలేవా?'

'అరవద్దు తల్లీ' అంది అక్క. భయపడుతోంది. నాకు భయపడుతోంది. 'నా చెల్లెలు అట్ల మాట్లాడదు. యాడుండాది? పిలువు.'

పెట్టేస్తుందేమో. పెట్టేస్తే మాత్ర? 'ఉండండి, పిలుస్తా' అన్నాను.

రిసీవర్ బల్ల మీద పెట్టాను. మనసులో ముప్పై అంకెలు లెక్కపెట్టాను. నీళ్ళు తాగాను. మళ్ళీ ఎత్తాను. ఇంత మెల్లగా నేను ఎవరితోనూ మాట్లాడి ఎరగను —

'అక్కా... తిన్నావా?'

'ఆ, వస్తివా!' గొంతు విప్పారింది. 'ఇంగా లేదు. గుండ్రటి మాత్ర చేతిలో పెట్టుకోని ఉండా. నువ్వు చెప్తేనే గదా.'

'వేసుకో అక్కా.'

నీళ్ళు గుటక వేసిన చప్పుడు. తర్వాత గుసగుసగా, 'యెవురామె? నీ ఇంట్లో ఉండేది? శానా గయ్యాళిది మాదిరి ఉండాదే.'

'ఎవరో లే అక్కా.'

'ఫోన్ ఎత్తనియ్యొద్దు సరసా.'

'ఎత్తనివ్వను' అన్నాను.

జూలై 24

పదకొండు దాటి పది నిమిషాలు. ఫోన్ ఒళ్ళోనే ఉంది. ఎత్తి చూసి పెట్టేశాను, కూత వస్తోంది. మోగలేదు.

మొబైల్ నుంచి అక్క నెంబరుకు చేశాను. ఎంగేజ్.

మళ్ళీ చేశాను. ఎంగేజ్.